ఎడమ మోకాలు

రోలు పక్కన ఎడమకాలు బారజాపుకుని సైఫిన్ పసుపుకొమ్ములు దంచుతోంది. పచ్చికొమ్ములు. రోకలి పడ్డప్పుడల్లా రసం చింది ఆమె కట్టుకున్న గుడ్డ మీద పడుతోంది. కుడికాలు మడిచి ఒంటికిందికి లాక్కుంది గానీ ఎడమది ఎప్పుడూ అలా చాచే ఉంటుంది. బలవంతాన మడిస్తే ఒక్కోసారి గడియలో రాయి ఇరుక్కున్న తలుపులాగా మడిచిన చోటే బిగుసుకుపోయి, ఎంత లాగినా తిరిగి రాదు. అందుకని ఆ ఇంట్లో రోలు ఎటు జరిపినా దాని ఎడమపక్కన ఒక కాలికి చాలినంత జాగా వదిలే జరుపుతారు.

పసుపు, అడవి అల్లం, నిమ్మగడ్డి, చింతాకు, గుప్పెడు రాళ్ళుప్పు, చివర్లో కాస్త కర్పూరం. ఇవన్నీ కలిపి తెల్లగుడ్డలో బిగించి కడితే కాపడం మూట అవుతుంది. ఆవిరి మీద వేడిచేసి నొప్పి ఉన్నచోట అద్దాలి. కోతలయ్యాక నడుములు పట్టేసినవాళ్ళూ, గుడి తిరనాళ్ళ ముందు ముయే అనే తన్నులాట ఆడే పిల్లలూ నది అవతలినుంచి కూడా వచ్చి సైఫిన్ మూటలు కొనుక్కుపోతారు.

"ఆ పసుపు నీకేం అపకారం చేసిందే? ముద్దయి చాలాసేపయింది. ఇక వదిలెయ్," అంది ఉయ్యాలలోంచి ఆమె తల్లి ఉబోన్.

సైఫిన్ వదల్లేదు. రాత్రి అదనుగాని వాన పడింది. తెల్లారి లేచేసరికి మోకాలు ఉబ్బి, చర్మం నున్నగా సాగి, చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. గుంజ పట్టుకుని చాలాసేపు నిలబడితే గానీ అడుగు పడలేదు. మోకాలు ఉబ్బిన రోజు ఆమెకు రేణు గుర్తొస్తుంది. రేణు ఇప్పుడు ఎక్కడుందో, పిల్లల తల్లి అయిందో, అసలు బతికుందో లేదో తెలియదు. అయినా పద్ధెనిమిదేళ్ళుగా సైఫిన్ ఆమెకు కీడు తలవని వానాకాలం లేదు. దాని కాలు కూడా ఇలాగే మెట్ల మీద ఆగిపోవాలి. గుళ్ళో అందరూ మోకాళ్ళ మీద వంగి దండం పెడుతుంటే అదొక్కతే గోడకి ఆనుకుని నిలబడాలి. ఇలాంటివి అనుకుంటూ దంచితే పసుపు మెత్తగా నలుగుతుంది.

పంతొమ్మిదేళ్ళప్పుడు సైఫిన్ ఆ చుట్టుపక్కల పేరున్న ఆటగత్తె. గురువు సవాంగ్ గారి తాలింఖానాలో మగపిల్లలతో సమానంగా సాధన చేసేది. నది అవతలి తిరనాళ్ళలో రేణుతో పోటీ ఖాయమయ్యాక, ఒకరోజు సాధనలో కాలు నేలమీదే నిలిచిపోయి ఒళ్ళు మాత్రం పక్కకి తిరిగింది. మోకాట్లో చిక్కుడుకాయ తుంచినట్టు చిన్న చప్పుడు. సాయంత్రానికి మోకాలు బుడ్డిలా ఉబ్బింది. సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పోటీ రోజు పొద్దున్న సూదులు వేసే మనిషి ఒకడొచ్చి లేతటీ రంగు నీరు సిరంజిలోకి లాగి, మరేదో మందు ఎక్కించి పోయాడు. కాలు తేలికైంది. బరిలోకి దిగింది. గంట మోగిన వెంటనే రేణు ఆమె మొహం చూడలేదు, చేతులు చూడలేదు. ఎడమ మోకాలి లోపలివైపు ఒక తన్ను. మళ్ళీ అక్కడే. మూడోసారీ అక్కడే. ఆ రాత్రి నలుగురు మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టారు.

పట్నం ఆసుపత్రి డాక్టరమ్మ నిదానంగా విడమరిచి చెప్పింది. ఎముకకీ ఎముకకీ నడుమ ఉండే గుజ్జు చిరిగింది. చిరిగిన పీలిక కీలులో తేలుతూ మధ్యమధ్య ఇరుక్కుంటుంది, అందుకే కాలు బిగుస్తుంది. దాని రాపిడికి కీలు లోపలి పొర వాచి నీరు ఊరుతుంది. పీలిక తీసేయొచ్చు గానీ అరిగిన గుజ్జు మళ్ళీ పెరగదు. పీలిక తీశారు. గుజ్జు పెరగలేదు. కొన్నేళ్ళకి ఇంకో పీలిక ఊడింది.

ఎడమ మోకాలని రేణుకి ఎలా తెలిసింది? దీనికి జవాబు సైఫిన్ అప్పుడే తేల్చుకుంది. ఆటకి ముందు గురువందనం ఉంటుంది. ఆటగాళ్ళు బరి చుట్టూ తాళ్ళు తాకుతూ తిరిగి, నడిమధ్యకొచ్చి మోకరిల్లి, డోలు, సన్నాయి మోతకి అనుగుణంగా వంగి లేస్తూ దండం పెడతారు. జనం ఆ నాట్యం అందం చూస్తారు. ఎదుటి మూల ఉన్నవాళ్ళు మాత్రం ఏ మోకాలు ముందు ఆనింది, బరువు ఏ కాలి మీద పడింది అన్నది చూస్తారు. తను నెమ్మదిగా కూర్చుంది, అందుకే పట్టుబడింది. కన్నతల్లే అంది, బురదలోకి గేదె దిగినట్టు దిగావని. అందుకని కొన్నేళ్ళపాటు రాత్రిళ్ళు కళ్ళు మూసుకుని ఆ బరిలో మళ్ళీ మళ్ళీ మోకరిల్లుతూనే ఉంది, ఎక్కడ ఆలస్యమైందో పట్టుకోవాలని.

గుంజల మీద కట్టిన ఆ ఇంటి కింద మోటారుసైకిలు ఆగింది. ఎవరో జాడీలోంచి నీళ్ళు ముంచి కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు. మెట్ల మీంచి ముందు ఒక పొట్ట, దాని వెనక ఖంపాన్ పైకొచ్చారు.

"ఏరా ఖంపానూ, దారి మర్చిపోయావనుకున్నాను," అంది ఉబోన్. "పొట్ట వెనకాల నడుస్తూ వచ్చావా?"

"పొట్టకి దారి తెలుసు పిన్నీ, నేనే మర్చిపోయాను. సైఫిన్ చెల్లీ, అన్నం తిన్నావా?"

సైఫిన్ తిన్నానంది. ఖంపాన్ ఒకప్పుడు ఆమెతోపాటు అదే తాలింఖానాలో ఆడినవాడు. రేణుతో పోటీ రోజు ఆమె మూలలో బక్కెట్టూ తువ్వాలూ పట్టుకుని నిలబడింది అతనే. సైఫిన్ కాలు పోయాక గురువుగారు మెల్లగా మంచం పట్టారు. ఆ తరవాత తాలింఖానా ఖంపాన్‌కి వచ్చింది. ఆ నాటినుంచి ఈ ఇంటి మెట్లెక్కింది పండగలకీ చావులకీ తప్ప లేదు.

అతని వెనక కూతురు మెట్లెక్కుతోంది. పద్ధెనిమిదేళ్ళ పిల్ల. ముద్దుపేరు నోయ్‌నా, అంటే సీతాఫలం. ప్రతి మెట్టు మీదా కుడికాలు ముందు పెట్టి, ఎడమది దాని పక్కకి చేర్చి, ఆ తరవాత పై మెట్టు చూస్తోంది. ఆ ఎక్కడం చూడగానే సైఫిన్ చేతిలో రోకలి ఆగింది.

ఖంపాన్ కూర్చోకముందే భుజాన ఉన్న గుడ్డసంచీ తీసి గుంజకి బాగా ఎత్తున ఉన్న మేకుకి తగిలించాడు. అందులో గురువుగారి తలకట్టు ఉంది. అది నేల మీద పెట్టకూడదు. తల కన్నా కింద ఉండకూడదు. పోటీకి ముందు గురువు చేత్తో ఆటగాడి తలకి పెట్టి, గురువందనం అవగానే గురువు చేత్తోనే తియ్యాలి. సవాంగ్ గారు పోయాక ఆ చెయ్యి ఖంపాన్‌దే.

నీళ్ళు తాగి సంగతి చెప్పాడు. రేపు సాయంత్రం గుడి తిరనాళ్ళలో నోయ్‌నా ఆట. చూడటానికి బ్యాంకాక్‌నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. నచ్చితే పిల్లని తీసుకుపోయి అక్కడి పెద్ద బరిలో ఆడిస్తాడు. మొన్న సాధనలో మోకాలు కాస్త బెణికింది. సైఫిన్ మూటలు పెడితే రేపటికి దిగిపోతుందని తీసుకొచ్చాడు.

సైఫిన్ పిల్లని చాప మీద పడుకోబెట్టి లాగు పైకి జరిపింది. రెండు మోకాళ్ళ మీదా అరచేతి వెనకవైపు ఆనించి చూసింది. కుడిది చల్లగా ఉంది, ఎడమది పొయ్యి గట్టులా ఉంది. చిప్పకి పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి నొక్కితే చిప్ప నీళ్ళలో తేలే డిప్పలాగా కదిలింది. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఎక్కువా అని అడిగింది. ఎక్కువేనంది పిల్ల. ఎక్కడైనా బిగుస్తోందా అంటే తండ్రి వైపు చూసింది. చూసి, గుంజీళ్ళు తీస్తుంటే ఒకసారి బిగిసిందని, ఊపగా ఊపగా వదిలిందని మెల్లిగా చెప్పింది.

"ఇది కాపడం పెట్టే మోకాలు కాదన్నా," అంది సైఫిన్. "లోపల వాపు మండుతోంది. మంట మీద వేడి పెడితే ఇంకా నీరు ఊరుతుంది. ఐసు పెట్టి, కాలు ఎత్తున పెట్టి పడుకోబెట్టు. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఫొటో తీయించు. గుజ్జు చిరిగినట్టుంది."

ఖంపాన్ నవ్వాడు. ఆసుపత్రి ఎక్కడికీ పారిపోదన్నాడు. బ్యాంకాక్ మనిషే మళ్ళీ రాడన్నాడు. మూటలతో కాకపోతే సూదులు వేసే మనిషి ఎటూ ఉన్నాడు, నీరు లాగించేస్తానన్నాడు. ఆటలో పిల్ల ఎలాగూ ఓర్చుకుంటుందనీ, గురువందనంలో మోకరిల్లేటప్పుడు అవతలివాళ్ళు పసిగట్టకుండా ఉంటే చాలనీ అతని లెక్క.

"లే నోయ్‌నా. అత్త ముందు ఒకసారి కూర్చుని చూపించు."

పిల్ల లేచి నిలబడింది. చేతులు రెక్కల్లా చాపి, గుండ్రంగా తిప్పి, మోకరిల్లబోయింది. సగంలో పెదవి బిగిసింది. ఖంపాన్ లేచి పక్కన నిలబడి నేర్పడం మొదలుపెట్టాడు. చేతులు గుండ్రంగా తిరుగుతున్నప్పుడే కూర్చోవాలి, అప్పుడు చూసేవాళ్ళ కళ్ళు చేతుల మీద ఉంటాయి. ఊపిరి వదులుతూ కూర్చోవాలి. నొప్పి మొహంలోకి వచ్చే సమయానికి మొహం మన మూలవైపు తిరిగి ఉండాలి. పిల్ల మళ్ళీ కూర్చుంది. ఈసారి కన్ను మాత్రమే చిట్లింది.

"చూశావా, వస్తోంది. ఇదే మోకాలితో ఇదే నాట్యం మీ అత్త చేసింది. బరి మొత్తం చూస్తుండగా."

"చేసింది, పాపం," అంది ఉబోన్ వక్క నములుతూ. "గేదె బురదలోకి దిగినట్టు దిగింది. గుడి మెట్ల మీద అడుక్కునే గుడ్డి ముసలాడికి కూడా తెలిసిపోయింది ఏ కాలో."

నోయ్‌నా మొహం పాలిపోయింది. అది ఖంపాన్ చూశాడు. కూతురి ధైర్యం చెదరకూడదని తొందరగా అడ్డం వచ్చాడు.

"లేదు పిన్నీ, నువ్వు ఊరికే అంటావు. ఆ రోజు సైఫిన్ కూర్చోవడంలో వంకపెట్టేవాడు లేడు. నా మాట విను నోయ్‌నా, ఎవడికీ తెలియలేదు. అవతలి గురువే నమ్మలేదు. ఈ పిల్ల ఇంత శుభ్రంగా కూర్చుంది, ఎడమదేనా, ఖాయమేనా అని..."

మాట అక్కడ ఆగిపోయింది. ఖంపాన్ చెంబు అందుకున్నాడు. అందులో నీళ్ళు లేవు. అయినా ఎత్తి తాగినట్టు చేశాడు.

"అని ఎవర్ని అడిగాడన్నా?" అంది సైఫిన్. గొంతు పెంచలేదు.

"ఎవర్నో. వాళ్ళలో వాళ్ళు అనుకుంటుంటే చెవిన పడింది."

సైఫిన్ తల ఊపింది. మూటకి తాడు చుట్టడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, దాని మీద ఇంకో చుట్టు. వేళ్ళు తమ పని తాము చేసుకుపోతున్నాయి. గురువందనం జరుగుతున్నప్పుడు డోలు, సన్నాయి మోతకి పక్కవాడి మాటే వినపడదు. తన మూలకీ వాళ్ళ మూలకీ మధ్య మొత్తం బరి ఉంది. ఇక్కడ బక్కెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషి చెవిలో అక్కడి మాట పడాలంటే ఆ మనిషి అక్కడికి వెళ్ళి నిలబడాలి. సూది వేసి పొద్దున్నే వెళ్ళిపోయిన మనిషిని పక్కన పెడితే, ఎడమ మోకాలి సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. తను, గురువుగారు, నీరు లాగేటప్పుడు తన కాలు కదలకుండా రెండు చేతులతో అదిమిపట్టుకున్న ఖంపాన్.

అంటే తను సరిగ్గానే కూర్చుంది.

ముందు ఆ సంగతే ఆమె ఒంట్లోకి దిగింది. ఎన్ని రాత్రులు కళ్ళు మూసుకుని మోకరిల్లిందో అన్నీ వృథా. అక్కడ ఏ తప్పూ లేదు. దాని వెనకాలే, చాలా నెమ్మదిగా, రెండోది వచ్చింది. ఇన్నాళ్ళూ చిరునామా లేకుండా తిరిగిన పగ తిన్నగా వచ్చి ఎదురుగా చాప మీద కూర్చుంది. పొట్ట నిమురుకుంటోంది.

మూట బిగించి, తాడు పళ్ళతో తెంపింది.

"పెడతానన్నా. రేపటికి నడిచేలా చేస్తాను," అంది. "పాత పట్టీ పనికిరాదు. బజారుకెళ్ళి వెడల్పాటి సాగే పట్టీ పట్రా. మంచిది చూసి తీసుకో, కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు."

ఖంపాన్ మొహం విప్పారింది. నువ్వు కాదనవని తెలుసు చెల్లీ అన్నాడు. తలకట్టు ఉన్న సంచీ కింద నుంచి ఎవరూ నడవొద్దని కూతురికి చెప్పి మెట్లు దిగాడు. మోటారుసైకిలు చప్పుడు రోడ్డెక్కింది.

సైఫిన్ గుంజ పట్టుకుని లేచి, జిగురన్నం ఉడికించే వెదురుబుట్టని పొయ్యి మీది నీళ్ళకుండ మీద పెట్టి, అందులో రెండు మూటలు ఉంచింది. ఏం చెయ్యాలో ఆమెకు బాగా తెలుసు. ఏమీ చెయ్యనక్కర్లేదు. అతను అడిగినదే చేస్తే చాలు. వేడివేడి మూటలు అద్ది, కర్పూరం కలిపిన నూనె గట్టిగా రుద్దితే ఈ రాత్రి పిల్లకి హాయిగా ఉంటుంది. తెల్లారేసరికి లోపల ఇంకింత నీరు చేరుతుంది. అప్పుడు సూది మనిషి వస్తాడు. మందుకి మొద్దుబారిన కాలు రేపు సాయంత్రం బరిలోకి వెళుతుంది. అవతలి తాలింఖానా ఆడవాళ్ళు తన దగ్గరే మూటలు కొంటారు. వాళ్ళ నంబరు తన ఫోనులో ఉంది. ఒక్క మాట. ఎడమది. ఆ తరవాత నలుగురు మోసుకొస్తారు, ఖంపాన్ వాళ్ళ వెనక బక్కెట్టు పట్టుకుని నడుస్తాడు.

ఆ బొమ్మ కళ్ళముందు ఎంత స్పష్టంగా కనపడిందంటే సైఫిన్‌కి నోట్లో నీరూరింది. ఆకలైనప్పుడు కోడి కాలుస్తున్న వాసన తగిలినట్టు.

ఉబోన్ ఉయ్యాలలో కునుకు తీస్తోంది. నోయ్‌నా చాప మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ కబుర్లు చెబుతోంది. బ్యాంకాక్‌లో బస్సులు ఆగకుండానే ఎక్కాలట, ఈ కాలుతో అదెలా అని నవ్వింది. రాత్రి పక్క మీద తిరిగితే మోకాట్లో కిర్రుమంటుందని, ఆ చప్పుడికి చెల్లెలు లేచి కూర్చుంటుందని చెప్పింది.

"అత్తా, నాన్న చెప్పినట్టే ఊపిరి వదిలాను. అయినా కన్ను చిట్లింది కదా. రేపు ఎవరైనా పట్టేస్తే అది నా తప్పే. నాన్న అంతా సరిగ్గానే నేర్పాడు."

సైఫిన్ బుట్ట మీది మూత తీయబోతూ ఆగింది.

నిజమే. ఈ పిల్ల అలాగే అనుకుంటుంది. కాలు పోయాక ఎక్కడో ఒక ఇంట్లో రోలు పక్కన కాలు చాపుకుని కూర్చుని, కన్ను చిట్లినందుకు తనను తాను తిట్టుకుంటుంది, అవతలి పిల్లకి కీడు తలుస్తుంది. ఖంపాన్ మాత్రం రెండు అగరొత్తులు వెలిగించి, రాత ఇంతేనని నలుగురి ముందు కళ్ళు తుడుచుకుంటాడు. మళ్ళీ నెలకి ఇంకో పిల్లని తెచ్చుకుంటాడు. పిల్ల కాలు విరిస్తే విరిగేది పిల్లే. అతనికి ఒక్క గీత పడదు. మొదటిసారి కూడా సరిగ్గా ఇలాగే జరిగింది, అతనికి ఒక్క గీత పడలేదు.

ఇది చాలదు. అతనికే తగలాలి.

బుట్ట దించి పక్కన పెట్టింది. తల్లి తాగే చల్లనీళ్ళ డబ్బాలోంచి ఐసుముక్కలు తీసి తువ్వాలులో చుట్టి నోయ్‌నా మోకాలి మీద పెట్టింది. మడమ కింద దిండు తోసింది.

"నాన్న వేడి పెట్టాలన్నాడు కదత్తా."

"మోకాలు మీ నాన్నది కాదుగా."

ఆ మాటకి పిల్ల నవ్వబోయి, సైఫిన్ మొహం చూసి మానేసింది. సైఫిన్ ఆమె పక్కనే చతికిలబడి, ఆ పిల్ల అరచెయ్యి తీసుకుని తన ఎడమ మోకాలి మీద పెట్టుకుంది. వంగినంతవరకూ కాలు మెల్లిగా వంచింది. కంకర మీద బండిచక్రం దొర్లినట్టు ఆ చేతికింద ఏదో గరగరలాడింది. నోయ్‌నా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎవరు చేశారత్తా?"

"వస్తున్నాడు," అంది సైఫిన్. "పట్టీ కొనుక్కుని వస్తున్నాడు."

పిల్లకి అర్థమైందో లేదో తెలియలేదు. తువ్వాలులోంచి ఐసునీరు కారి చాప మీద మచ్చలా పాకుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఉబోన్ నిద్ర లేచి వీళ్ళని చూసి వక్కపొట్లం విప్పుకుంది.

ఖంపాన్ పట్టీతోపాటు కాల్చిన కోడి పొట్లం కూడా తెచ్చాడు. పైకి వస్తూనే ఐసు చూసి ఆగాడు. ఇదేంటి చెల్లీ, మూటలేవీ అన్నాడు. మూటలు సిద్ధంగా ఉన్నాయంది సైఫిన్. పెట్టడం ఎంతసేపని, దానికి ముందు ఒక్కటి అడుగుతానని, కూర్చోమంది. అతను కూర్చున్నాడు.

"ఆ సంచీలోంచి గురువుగారి తలకట్టు తియ్యి. నేను ముట్టుకోను, నువ్వే తియ్యి. రెండు చేతుల్లో పట్టుకుని, నీ కూతురి మొహం చూసి, ఎడమ మోకాలని నేను వాళ్ళకి చెప్పలేదు అను. అంతే. ఆ మాట అయిపోతే మూటలు పెడతాను. రేపు నీ పిల్ల ఎవడికీ దొరక్కుండా మోకరిల్లుతుంది."

ఆ తాలింఖానాలో పెరిగిన ఎవరికైనా ఒక సంగతి తెలుసు. తలకట్టు చేతిలో ఉండగా అబద్ధం ఆడితే ఆడినవాడికి ఏమీ కాదు. ఆ తరవాత అది ఎవరి తలకి పెడతారో వాళ్ళు బరిలోంచి తమ కాళ్ళ మీద బయటికి రారు. సవాంగ్ గారు ప్రతి కొత్త శిష్యుడికీ మొదటిరోజు చెప్పే మాట అది. రేపు ఆ తలకట్టు ఎక్కేది నోయ్‌నా తలమీదే.

ఖంపాన్ ముందు నవ్వాడు. ఎప్పటిదో చచ్చిన సంగతి ఇప్పుడెందుకన్నాడు. తరవాత కోపం తెచ్చుకున్నాడు, ఇంటికొచ్చినవాణ్ణి ఇలా నిలబెడతావా అన్నాడు. సైఫిన్ మేకుకి ఉన్న సంచీ వైపు చూసింది. అతను ఉబోన్ వైపు తిరిగాడు.

"పిన్నీ, నువ్వైనా చెప్పు దీనికి. నువ్వే అన్నావుగా, ఇది గేదెలా కూర్చుందని."

ఉబోన్ ఉయ్యాల దిగి నిలబడింది. ఎరుపెక్కిన పెదాలు ఒకసారి తుడుచుకుంది.

"తియ్యరా," అంది.

అతను లేచి సంచీ దించాడు. ఎర్రగుడ్డ మడతల్లోంచి తలకట్టు బయటికి తీశాడు. ఎందరి చెమటో తాగి నల్లబడ్డ పాత తాడు. రెండు చేతుల్లో పట్టుకుని కూతురికి ఎదురుగా కూర్చున్నాడు. నోయ్‌నా మోచేతుల మీద లేచి తండ్రి మొహంలోకి చూస్తోంది. చెప్పెయ్ నాన్నా, అయిపోతుంది అన్నట్టు చూస్తోంది.

"నేను..." అన్నాడు ఖంపాన్. కళ్ళు కూతురి మొహం మీంచి మోకాలి మీదికి జారాయి. ఐసు కింద అది ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు.

సైఫిన్ అతన్నే చూస్తూ కూర్చుంది. తొందరపెట్టలేదు. పద్ధెనిమిదేళ్ళు ఆగిన మనిషికి ఇంకాసేపు ఆగడం కష్టం కాదు. ఆ మాట అతని గొంతులో పైకి రాలేక, కిందికి పోలేక ఇరుక్కుని ఉన్నంతసేపూ ఆమె ప్రాణానికి హాయిగా ఉంది. కీలులో ఇరుక్కున్న పీలిక ఎలా ఉంటుందో అతనికి తెలియాలి.

ఖంపాన్ తలకట్టు ఎత్తి నుదుటికి ఆనించుకున్నాడు. అనాల్సిన మాట అనలేదు.

"గురువుగారు తాలింఖానా దానికి ఇస్తానన్నారు," అన్నాడు. కూతురికి కాదు, చేతుల్లో ఉన్న తాడుకి చెబుతున్నట్టు అన్నాడు. "నేను పదేళ్ళు ఆ నేల ఊడ్చాను. నిన్నగాక మొన్న వచ్చిన ఆడపిల్లకి ఇస్తానన్నారు. కాలు ఇంతగా పోతుందని అనుకోలేదు. ఓడిపోతుంది అంతే అనుకున్నాను."

పొట్లంలోని కోడి వాసన ఇంటి నిండా ఉంది.

"విన్నావుగా నోయ్‌నా," అంది సైఫిన్. "మీ నాన్నకి ఎదుటివాళ్ళ మోకాలి కన్నా తాలింఖానా ముఖ్యం. రేపు బ్యాంకాక్ మనిషి ముందు నిన్ను కూర్చోబెడుతున్నది కూడా అదే చెయ్యి."

అనేసరికి ఆమె ఒళ్ళు తేలికైంది. గురి చూసి కొట్టింది, తగిలింది. ఖంపాన్ తల ఎత్తి ఆమెను చూసిన చూపులో అది తెలిసింది. అలాంటి చూపు కోసం ఆమె ఎన్ని వానాకాలాలైనా పసుపు దంచగలదు.

నోయ్‌నా మోకాలి మీది తువ్వాలు తీసి పక్కన పెట్టింది. కరుగుతున్న ఐసుముక్కలు చాప మీద దొర్లాయి. లాగు కిందికి జరుపుకుని, చేతులు నేలకి ఆనించి, ఎవరి ఆసరా లేకుండా లేచింది. ఖంపాన్ చెయ్యి చాచాడు, పిల్ల ఆ చేతిని దాటుకుని నిలబడింది. ఒకసారి తండ్రిని చూసింది. తరవాత సైఫిన్‌ని చూసింది. రెండు చూపుల్లోనూ తేడా లేదు. ఐసు ఎందుకు పెట్టిందో, చెయ్యి పట్టుకుని మోకాలి మీద ఎందుకు వేయించుకుందో, పట్టీ కోసం తండ్రిని అంతదూరం ఎందుకు పంపిందో, అన్నీ ఆ పిల్లకి ఒక్కసారే తెలిసినట్టు చూసింది. సైఫిన్ ఆ చూపుకి తల దించలేదు. దించాలనిపించింది గానీ దించలేదు.

పిల్ల మెట్ల దగ్గరికి నడిచింది. మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని, ఉబ్బిన కాలు ముందు దింపి, రెండోది దాని పక్కకి చేరుస్తూ దిగింది. ఖంపాన్ పై మెట్టు దాకా వెళ్ళి పేరు పెట్టి పిలిచాడు. బండి తాళంచెవి చాపి, ఎండలో నడవకే, నేనే దింపుతాను అన్నాడు. కింద చెప్పులు వేసుకుంటున్న పిల్ల ఆ చేతివైపు చూడలేదు. మోటారుసైకిలు పక్కనుంచి వెళ్ళి, వెదురు దడి తలుపు తీసుకుని, రోడ్డు మీదికి నడిచిపోయింది.